ఇంటి దగ్గరే తాగుడు మాన్పించేటప్పుడు మందులు ఎలా రాయాలి

డాక్టర్ గారూ, మీ పీహెచ్‌సీకి వచ్చినాయన తాగుడు ఆపగానే చేతులు వణుకుతున్నాయని, అడ్మిట్ కానంటూ నెలకు సరిపడా క్లోర్‌డయాజెపాక్సైడ్ (తాగుడు ఆపినప్పటి వణుకును తగ్గించే మత్తు మాత్ర) అడుగుతున్నాడని రాశారు. నెలకు ఇవ్వకండి. ముందు ఇంట్లోవాళ్ళను అడగండి: ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, మతి తప్పి మాట్లాడాడా? అవునంటే ఇంటి వైద్యం వద్దు, జిల్లా ఆసుపత్రికి పంపాల్సిందే. కామెర్లున్నా, తలకు దెబ్బ తగిలినా, చూసుకునే మనిషి లేకపోయినా అంతే.

ఇవేవీ లేవనుకోండి. వణుకు మధ్యరకంగా ఉంటే క్లోర్‌డయాజెపాక్సైడ్ 20 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లతో మొదలుపెట్టి, వారంలో తగ్గిస్తూ ఆపేయవచ్చు. లివర్ బాగా దెబ్బతింటే అదే కోవకు చెందిన లోరాజెపామ్ మేలు. మాత్రలు ఒకటి రెండు రోజులవే, అవీ భార్య చేతికో తల్లి చేతికో ఇవ్వండి. తాగి మాత్ర వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చని వాళ్ళకు గట్టిగా చెప్పండి. మొదటి మూడు రోజులు రోజూ చూడండి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల్లోపే వస్తాయి, మతిభ్రమ ఆ తర్వాత.

ఇంకొకటి, నాకు చాలా భయమనిపించేది: నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తారు. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడకముందు గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. తిండి మానేసిన మనిషికి థయమిన్ మాత్రలు చాలవు, ఇంజెక్షనే ఇవ్వండి.

రాత్రిపూట ఇంట్లోవాళ్ళు కంగారుపడితే మాట్లాడేందుకు టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 ఇవ్వండి. ఫిట్స్ వస్తే మాత్రం నేరుగా 108కే.