పుట్టిన బస్తీలోనే కార్పొరేటర్‌గా నిలబడాలంటే

"పుట్టిందీ పెరిగిందీ ఈ బస్తీలోనే, అందరూ తెలిసినవాళ్లే, పార్టీ లేకుండా కార్పొరేటర్‌గా నిలబడితే ఓటేస్తారా?" అని అడిగారు మీరు. 2020లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికలప్పుడు నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేశాను. అంబర్‌పేట వైపు, మూసీకి దగ్గర్లో ఉంటుంది మా బస్తీ. నాకు 614 ఓట్లు వచ్చాయి. డిపాజిట్ దక్కలేదు. అయినా మళ్లీ నిలబడతాను. అందుకే మిమ్మల్ని వద్దనడానికి కాదు, నాకు అప్పుడు ఎవరూ చెప్పని సంగతి చెప్పడానికి రాస్తున్నాను.

అందరూ తెలిసినవాళ్లే అన్నారు కదా, ముందు ఆ మాటే సరిచూసుకోండి.

నామినేషన్ వేసొచ్చిన రాత్రి మా బూత్‌ల ఓటరు జాబితా ప్రింట్లు తెచ్చి మంచం మీద పరిచాను. అమ్మ పక్కన కూర్చుంది. నేను పేరు చదవడం, ఆమె చెప్పడం. "ఆయన పోయి ఆరేండ్లాయె." "వీళ్లు ఇల్లమ్ముకొని బోడుప్పల్ పోయిన్రు." "ఈ పిల్ల పెండ్లయి వరంగల్‌ల ఉంది." ఒక్కో పేరూ ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోయాను. మా గల్లీ పేజీలు అయిపోయేసరికి మూడో వంతు ఎర్రగా కనిపించింది. ఇంకోపక్క మా గల్లీలో నిజంగా ఉంటున్నవాళ్లలో సగం మంది కిరాయిదారులు. పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర, సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర రోజూ పలకరించుకునేవాళ్లమే. జాబితాలో వాళ్ల పేర్లు వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఓట్లన్నీ నల్లగొండలో, పాలమూరులో, సొంతూళ్లలో ఉన్నాయి. నా వెనక రావడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు ఇక్కడ ఓటు లేదు, ఓటున్న పాతవాళ్లు చాలామంది ఇక్కడ లేరు. నేను నమ్ముకున్నది నా చిన్నప్పటి బస్తీని. ఓటేసే బస్తీ వేరే ఉందని ఆ రాత్రి తెలిసింది.

ఈ పని మీరు ఇప్పుడే చెయ్యండి. కార్పొరేషన్ ఎన్నికల కోసం విడిగా ఓటర్ల నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి కొత్తగా పద్దెనిమిది నిండిన పిల్లలకు ఫారం 6, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8 ముందే పెట్టించాలి. ఊళ్లో ఓటు వదులుకోమంటే అందరూ ఒప్పుకోరు. అక్కడ భూమి ఉంటుంది, సర్పంచ్ ఎన్నికలో అన్నదమ్ముల మాట ఉంటుంది. బలవంతపెట్టకండి. పిల్లల్ని ఇక్కడి బడిలో వేసి పదేళ్లుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు మాత్రం చెబితే వింటాయి. ఓడిపోయాక నేను చేస్తున్నది ఇదే. నాకే ఓటేస్తారన్న గ్యారంటీ ఏమీ లేదు, కానీ డ్రైనేజీ పొంగితే ముక్కు మూసుకుని నడిచేది వాళ్లు కూడా. ఆ మాట అడిగే హక్కు వాళ్లకుండాలి.

పార్టీ లేకపోవడం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 2016లో 150 వార్డుల్లో టీఆర్‌ఎస్‌కు 99, మజ్లిస్‌కు 44, మిగిలినవి బీజేపీ, కాంగ్రెస్, టీడీపీలకు పోయాయి. 2020లో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. కూడి చూడండి, రెండుసార్లూ ఇండిపెండెంట్‌కు ఒక్కటీ మిగల్లేదు. మంచివాళ్లు నిలబడలేదని కాదు, టైమ్ సరిపోలేదు. 2020లో షెడ్యూలు వచ్చింది నవంబరు 17న, నామినేషన్ల గడువు 20న అయిపోయింది, ఉపసంహరణలు 22న, పోలింగ్ డిసెంబరు 1న. గుర్తు చేతికొచ్చాక ప్రచారానికి మిగిలింది వారం. పార్టీ గుర్తు ఏళ్ల తరబడి గోడల మీద ఉంటుంది. మా వెనక గల్లీలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "పేరు నాకెర్కే బిడ్డా, గుర్తు చెప్పు, ఆడ గుద్దాల్సింది గుర్తు మీదనే కదా" అంది. ఆ ఏడు ఈవీఎంలు కాదు, బ్యాలెట్ పేపర్లే. ఆమెకు నేను పలక మీద గీసి చూపించాను. ఇంటికి పదిహేను నిమిషాలు పట్టింది. అలా వారంలో ఎన్ని ఇళ్లు తిరగగలం?

ఇక ఇక్కడివాడు కావడం వల్ల వచ్చే బరువొకటి ఉంది. అక్టోబరు 13న పడ్డ వానకు మూసీ పొంగి మా కింది గల్లీల్లోకి నీళ్లొచ్చాయి. ప్రచారానికి వెళ్లేటప్పటికి గోడల మీద నడుమెత్తున బురద చార ఇంకా ఉంది. ప్రభుత్వం ఇస్తానన్న పదివేల వరద సాయం కోసం జనం మీసేవల ముందు తెల్లారకముందే లైన్లు కట్టారు. ఎన్నికల కోడ్ వల్ల నవంబరు 18న అది ఆగిపోయింది. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టిన అత్తమ్మ ఒకామె తడిసి ముడతలు పడ్డ ఆధార్ జిరాక్స్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు మనోడివి, నువ్వన్నా ఇప్పియ్యి" అంది. బయటి నుంచి వచ్చిన అభ్యర్థి అయితే "చూద్దాం అమ్మా" అని ముందుకు పోతాడు. నేను ఆమె అరుగు మీద కూర్చుని, అది నా చేతిలో లేదని, గెలిచినా నా చేతిలో ఉండదని చెప్పాను. ఆమె ఓటు నాకు పడిందో లేదో తెలియదు. అబద్ధం చెప్పి ఉంటే ఈరోజు ఆ అరుగు మీద కూర్చోలేకపోయేవాణ్ణి.

అందుకే ఏది ఎవరి పనో నేర్చుకుని వెళ్లండి. చెత్త, గల్లీ రోడ్డు, వీధి దీపం, నాలా పూడిక కార్పొరేషన్‌వి. నల్లా నీళ్లు, మురుగు మ్యాన్‌హోళ్లు జలమండలివి. రేషన్, పింఛన్ వేరే ఆఫీసులు. నన్ను జనం అడిగినవాటిలో సగానికి సగం కార్పొరేటర్ చేతిలో లేనివే. అలాంటప్పుడు ఎక్కడికెళ్లాలో చెప్పి, తోడు వెళ్లేవాడే జనానికి గుర్తుంటాడు.

నిబంధనలు క్లుప్తంగా చెబుతాను. ఇరవై ఒక్కేళ్లు నిండాలి. మీ ఓటు కార్పొరేషన్‌లో ఎక్కడున్నా ఫర్వాలేదు, మిమ్మల్ని ప్రతిపాదించేవారి ఓటు మాత్రం అదే వార్డులో ఉండాలి. 2020లో జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 5,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500, ఖర్చు పరిమితి 5 లక్షలు. మీసారికి ఎంతన్నది నోటిఫికేషన్‌లో చూసుకోండి. గెలిచినా ఓడినా ఖర్చు లెక్కలు గడువులోగా అప్పజెప్పాలి, లేకపోతే మళ్లీ పోటీకి అర్హత పోతుంది. మైకు ఆటో కిరాయి నుంచి కరపత్రాల దాకా ప్రతి రసీదూ ఒక నోట్‌బుక్‌లో అంటించుకోండి. వార్డుల్లో సగం మహిళలకు రిజర్వు, అది ఏ వార్డుకు పడుతుందో చివరిదాకా తేలదు. అందుకే ఇంట్లో అక్కో, వదినో, భార్యో కూడా మొదటి రోజు నుంచి మీతో తిరిగితే మంచిది, పేరుకు కాదు, నిజంగా పని తెలిసేలా.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు. పాత హద్దులు మారాయి. మీ గల్లీకి ఎదురు గల్లీ ఇప్పుడు వేరే వార్డులో ఉండొచ్చు. ముందు ఆ హద్దు చూసుకోండి. తర్వాత ఈ ఆదివారమే మీ బూత్ జాబితా ప్రింట్ తీసి, ఒక ఎర్ర పెన్ను పట్టుకుని, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ఎన్ని పేర్లు మిగిలాయో ఇక్కడే చెప్పండి, అక్కణ్ణుంచి ఏం చెయ్యాలో మాట్లాడుకుందాం.