సిగరెట్టు మానితే పొట్ట తప్పదా? పెళ్ళయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న అడిగినాయన ఇచ్చిన వివరాలు ఇవి: వయసు ముప్పై దాటింది, విశాఖలో రుషికొండ వైపు ఐటీ ఉద్యోగం, రోజుకి పది పన్నెండు సిగరెట్లు, బరువు 78 కిలోలు. మానేసిన స్నేహితులిద్దరికీ పొట్టలొచ్చేశాయట. కార్తీకంలో చెల్లి పెళ్ళి ఉంది. లావెక్కకుండా మానే దారుందా, లేదంటే పెళ్ళయ్యాకే మొదలుపెట్టమంటారా అని అడుగుతున్నారు.

నేను ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాను. గాజువాకలో ఇల్లు. చాలా ఏళ్ళు కాల్చి మానేసినవాణ్ణి. మొదట్లో మూడు కిలోల దాకా పెరిగాను, ఏడాది తిరిగేసరికి చాలామటుకు పోయింది. కాబట్టి "ఒక్క గ్రాము పెరగకుండా మానిపిస్తాను" అనే మాట నా దగ్గర ఉండదు. ఎక్కడ పెరుగుతుందో, అందులో ఎంత మన చేతిలో ఉందో మాత్రం చెప్పగలను.

నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఒంట్లో కేలరీల ఖర్చుని కాస్త పెంచుతుంది. రోజుకి ఇరవై పైన కాల్చేవాళ్ళలో ఆ అదనపు ఖర్చు రోజుకి దాదాపు 200 కేలరీలు. మీకు అంతకంటే తక్కువే ఉంటుంది. మానగానే ఆ ఖర్చు ఆగిపోతుంది, ఆకలి తిరిగొస్తుంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం మందుల సాయం లేకుండా మానినవాళ్ళు ఏడాదిలో సగటున నాలుగున్నర కిలోల పైచిలుకు పెరిగారు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. జనం అక్కడితో చదవడం ఆపేస్తారు. అదే లెక్కలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరు ఏడాదికి బరువు తగ్గారు కూడా. పది కిలోలు దాటినవాళ్ళూ ఉన్నారు, ఇంచుమించు ఎనిమిదిమందిలో ఒకరు. అంటే అందరికీ ఒకేలా జరగదు.

200 కేలరీలంటే ముప్పావుగంట గట్టి నడక. దానికే మీ స్నేహితులకి అంతంత పొట్టలొచ్చాయంటే నేను నమ్మను. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలంటే ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. ఎడం చేతిలో టీ గ్లాసు, కుడి చేతిలో సిగరెట్టు. మానినవాడు కూడా అలవాటు కొద్దీ అదే వేళకి అక్కడికే వస్తాడు. కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది. ఎదురుగా సీసాల్లో బిస్కెట్లు, పల్లీ పట్టీలు, పక్క పొయ్యి మీద పునుగులు వేగుతుంటాయి. "సిగరెట్టు మానేశాను కదా, ఈమాత్రం తినకపోతే ఎలా" అని ఓ పొట్లం కట్టించుకుంటాడు. సాయంత్రం మళ్ళీ అదే. ఆ పొట్లమే పొట్ట. ఇంట్లో తినే అన్నం ఒక్క ముద్ద కూడా పెరిగి ఉండదు, అందుకే "నేనేం ఎక్కువ తినట్లేదు" అని నిజాయితీగానే అంటాడు.

అందుకని నా సలహా ఒక్కటే: అన్నం జోలికి పోకండి, సిగరెట్టు ఖాళీ చేసిన చోట్లోకి ఏం వస్తోందో చూసుకోండి. మానిన మొదటి వారమే అన్నం మానేసి, రాత్రిళ్ళు పుల్కాలు మొదలుపెట్టి, పొద్దున కషాయాలు తాగేవాళ్ళని చూశాను. కడుపు మాడుతుంటే సిగరెట్టు మీద యావ ఇంకా పెరుగుతుంది. రెండు యుద్ధాలు ఒకేసారి చేస్తే రెండూ పోతాయి. మామూలుగా, వేళకి, కడుపునిండా తినండి. ముఖ్యంగా పొద్దున టిఫిన్ ఎగ్గొట్టకండి. సిగరెట్టూ టీతో పదకొండు దాకా లాగించే అలవాటుంటే అది ఇక నడవదు.

టీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలీదు. పొగలో ఉండే పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ని తొందరగా వదిలించేస్తుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గిపోతుంది. తాగేది అవే నాలుగు టీలు, కానీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఇదంతా సిగరెట్టు లేకే అనుకుని మళ్ళీ ముట్టించేస్తారు. టీలు సగానికి తగ్గించండి. పంచదార కూడా దానంతటదే సగమవుతుంది, ఒక్కో చెంచా దాదాపు 20 కేలరీలు. మిగిలిన వేళల్లో మజ్జిగ. ఎండలు ముదిరాక రోడ్డు పక్క కుండల్లో అమ్మే చోడి (రాగి) అంబలి నాకు టీ కంటే బాగా పనికొచ్చింది. కడుపులో బరువుగా ఉంటుంది, రెండు గంటలు ఏమీ అడగదు.

నాకు గండం సీ షిఫ్టు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. రెండు దాటాక వచ్చేది ఆకలో, నిద్రో, సిగరెట్టు యావో తేల్చుకోలేం. డబ్బాలో వేయించిన శనగలు, కీరదోస ముక్కలు, జామకాయ పట్టుకెళ్ళేవాణ్ణి. చొక్కా జేబులో, సిగరెట్టు ప్యాకెట్టు ఉండే చోటే, లవంగాలూ సోపూ. యావ రాగానే ఒక లవంగం బుగ్గన పెట్టుకుని గ్లాసుడు నీళ్ళు తాగి కాస్త అటూ ఇటూ నడిస్తే ఐదు నిమిషాల్లో దాని జోరు తగ్గుతుంది. మీది పగటి ఉద్యోగమైనా సాయంత్రం నాలుగు ఐదు మధ్య మీకూ ఇదే జరుగుతుంది. పలాస జీడిపప్పు మాత్రం డ్రాయర్లో పెట్టుకోకండి. మంచిదే, కానీ గుప్పెడుతో ఆగిన మనిషిని నేను చూళ్ళేదు.

ఇంకోటి, సిగ్గుపడాల్సిన పన్లేదు. పొద్దున్నే సిగరెట్టు కాలిస్తేగానీ కదలని కడుపులు మనలో చాలా ఉన్నాయి. మానాక రెండు మూడు వారాలు మలబద్ధకం మామూలే. పొట్ట ఉబ్బి ప్యాంటు బిగుసుకుంటుంది, "అప్పుడే లావెక్కాను" అని కంగారుపడతారు. అందులో కొంత కొవ్వే కాదు. లేవగానే గోరువెచ్చని నీళ్ళు, రోజూ ఓ ఆకుకూర, బొప్పాయో జామో. ఎంవీపీ రైతు బజారులో ఇవన్నీ దొరుకుతాయి.

నడకకి బీచ్ రోడ్డుని మించింది లేదు. తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్ళదే. ఇక్కడి ఉక్కపోతకి ఎండెక్కాక నడవలేం, అదే మంచి వేళ. సాయంత్రం వెళ్తే మాత్రం బజ్జీల బళ్ళ మధ్యలోంచి నడవాలి. మరీ నోరు లాగితే మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తినండి, బజ్జీల కంటే నయం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి బరువు తగ్గిస్తానని మా సెక్షన్లో ఒకాయన ప్రకటించాడు. 32 కిలోమీటర్లూ నడిచాడు, దారిపొడవునా ఇచ్చిన పులిహోర, చక్రపొంగలి, మజ్జిగ, అరటిపళ్ళు ఒక్కటీ కాదనలేదు. పుణ్యం సంగతి ఆయనకే తెలియాలి. రోజూ అరగంట, ముప్పావుగంట నడిచేది మాత్రమే లెక్కకొస్తుంది.

నికోటిన్ గమ్ వాడేటప్పుడు బరువు పెరగడం కొంత వెనక్కి జరుగుతుంది, మొదటి గడ్డు రోజులు దాటడానికి అది చాలు. 2 మిల్లీగ్రాములది మందుల షాపుల్లో దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించేవాళ్ళకి ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు, అది డాక్టరుతో మాట్లాడాలి. దీన్ని బబుల్ గమ్‌లా నమిలి ఉమ్ము మింగితే వెక్కిళ్ళు, గొంతు మంట. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య ఉంచాలి. చురుకు తగ్గితే మళ్ళీ నమలాలి. ఒకటి అరగంట వస్తుంది. టీ తాగిన పావుగంట దాకా నోట్లో వేసుకోకండి, పనిచెయ్యదు. డాక్టరు రాసిచ్చే మాత్రలూ ఉన్నాయి. మీకు షుగరు మందులుంటే మానే ముందు ఆయనకి చెప్పడం తప్పనిసరి. ప్యాకెట్టు మీద ఉండే 1800-11-2356 టోల్ ఫ్రీ నంబరు, మానాలనుకునేవాళ్ళ కోసమే. గమ్‌కి బదులు ఖైనీకి మారిన మా బావ లాంటి తెలివి మాత్రం వద్దు.

సన్నగా ఉండడానికి పొగ మంచిదేననే మాట మన ఉత్తరాంధ్రలో పాతదే. మా నాయనమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆ తరం ఆడవాళ్ళు చాలామంది అంతే. పుల్లలా ఉండేది. ఆవిడ అంగిట్లో పుండు మానలేదు, చివర్లో గంజి కూడా దిగలేదు. ఇక మీ పొట్ట సంగతికొస్తే, పొగ తాగేవాళ్ళకి మనిషి సన్నగా ఉన్నా కొవ్వు నడుం చుట్టూనే ఎక్కువ చేరుతుంది. అంటే సిగరెట్టు మీ పొట్టని కాపాడట్లేదు.

పెళ్ళి విషయం. ఇప్పుడు ఆషాఢం, కార్తీకానికి నాలుగు నెలలు. గట్టిగా పెరిగే మూడు నెలలూ ఈలోపే గడిచిపోతాయి, కాబట్టి ఇప్పుడే మానండి. షేర్వాణీ కొలతలు మాత్రం పెళ్ళికి మూడు వారాల ముందు ఇవ్వండి, ఇప్పుడివ్వకండి. త్రాసు మీద వారానికి ఒక్కసారి, ఒకే రోజు పొద్దున నిలబడండి చాలు, రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది. మీకు అసలు పరీక్ష పెళ్ళి రోజు రాత్రి, ఫంక్షన్ హాలు వెనక జనరేటర్ దగ్గర బావమరుదులూ బాబాయి కొడుకులూ చేరి ప్యాకెట్టు తీసినప్పుడు. వాళ్ళలో ఒకడికి ముందే చెప్పి పెట్టుకోండి, మీ వైపు చాచిన చెయ్యి వాడు పట్టుకుంటాడు.