గుండెలో రంధ్రం మూయించడానికి ఎఫ్‌డీ తీయాలా, మాత్రలతో సరిపెట్టుకోవాలా?

చిత్తూరు నుంచి ఒకావిడ అడిగారు: “మా ఆయనకు 41 ఏళ్లు, శ్రీసిటీలో ఉద్యోగం. రెండు నెలల కిందట స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, దేవుడి దయవల్ల మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది. బీపీ, షుగర్ లేవు. పరీక్షలు చేసి గుండెలో చిన్న రంధ్రం ఉంది, మూసేస్తే మంచిదన్నారు. మూడున్నర లక్షలట. కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలు. పాప ఇంజినీరింగ్ కోసం దాచిన ఎఫ్‌డీ 4 లక్షలుంది. మాత్రలు చాలు, ఎఫ్‌డీ ముట్టుకోవద్దంటాడు మా అన్న. నగలు కుదువ పెట్టి రేపే చేయించమంటారు అత్తగారు. ఆయనేమో ఉద్యోగం మానేసి మామిడితోట చూసుకుంటానంటున్నారు. ఏం చేయమంటారు?”

అమ్మా, మీ అన్న చెప్పినంత ఆలస్యమూ వద్దు, అత్తగారు చెప్పినంత తొందరా వద్దు. ఎందుకో చెప్తాను.

ఈ రంధ్రాన్ని పీఎఫ్‌ఓ అంటారు. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య అందరికీ ఉంటుంది, పుట్టాక మూసుకుపోతుంది, కానీ నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. వాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. కొందరికి మాత్రం కాళ్ల రక్తనాళాల్లో కట్టిన రక్తపు గడ్డ ఆ దారిలో దాటి మెదడుకు పోతుంది. రంధ్రం ఉన్నంత మాత్రాన స్ట్రోక్ దానివల్లే వచ్చిందని కాదు, అందుకే ముందు మెడ రక్తనాళాలు, గుండె లయ చూసి వేరే కారణం లేదని తేల్చుకోవాలి. ఈ మాట న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు ఇద్దరూ చెప్పాలి. మూయమన్న ఆసుపత్రి ఒక్కటే చెబితే చాలదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి, మీకు వేలూరు సీఎంసీ కూడా దగ్గరే. రెండో అభిప్రాయానికయ్యే ఖర్చుకు వెనకాడకండి.

ఇక లెక్క. 2017లో వచ్చిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో అందరూ 60 ఏళ్లలోపు వాళ్లే, రంధ్రం పెద్దదిగానో ఆ గదుల మధ్య గోడ వదులుగా ఊగుతూనో ఉన్నవాళ్లు. సుమారు ఐదేళ్లు గమనించారు. మూయించుకుని మాత్రలు వాడిన 238 మందిలో ఒక్కరికీ మళ్లీ స్ట్రోక్ రాలేదు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మాత్రమే వాడిన 235 మందిలో 14 మందికి వచ్చింది. అంటే మాత్రలు వాడుతున్నా ఏడాదికి నూటికి ఒకరికి పైమాటే. మరి మీ ఆయనకు రంధ్రం ఏ రకమో డాక్టర్‌ని అడగండి, లాభం దాన్నిబట్టే ఉంటుంది.

దీన్ని డబ్బు కళ్లతో చూడండి. మాత్రలు మానకుండా వాడుతుంటే, డాక్టర్ సరేనంటే, కాగితాలు చక్కబెట్టుకోవడానికి రెండు మూడు వారాలు తీసుకోవచ్చు. దీనికోసం రాత్రికి రాత్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తక్కర్లేదు. కానీ ఆయన ముందు ఇంకా ముప్పై ఏళ్లున్నాయి, ఏటా నూటికి ఆ ఒకటీ పోగవుతూ పోతే అది చిన్న రిస్క్ కాదు. రెండోసారి స్ట్రోక్ వచ్చి చెయ్యి తిరిగి రాకపోతే పోయేది మూడున్నర లక్షలు కాదు, ఇంటికొచ్చే జీతం. డాక్టర్లిద్దరూ మూయమంటే ఎఫ్‌డీ కోసం ఆపొద్దు.

అయితే ఎఫ్‌డీ దాకా వెళ్లేముందు ఇన్సూరెన్స్‌ను గట్టిగా పట్టుకోండి. క్యాష్‌లెస్ కోసం ఆసుపత్రి పంపే ఫారంలో జబ్బు పేరు రాసే గడి ఉంటుంది, గొడవంతా అక్కడే. అందులో ‘పుట్టుకతో వచ్చిన గుండె లోపం’ అని మాత్రమే రాసి పంపితే ఇన్సూరెన్స్ వాళ్లు పక్కన పెట్టేసే ప్రమాదముంది. జరిగినదంతా రాయించండి: స్ట్రోక్ వచ్చిన తేదీ, వేరే కారణం దొరకలేదన్న మాట, మళ్లీ రాకుండా పీఎఫ్‌ఓ మూస్తున్నామన్న మాట. పుట్టుకతో వచ్చేవాటిలో పైకి కనిపించే లోపాలు వేరు, లోపలివి వేరు. ఇది లోపలిది. చాలా పాలసీల్లో లోపలి వాటికి కొంత వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం) పెట్టి, ఆ తర్వాత ఇస్తారు, కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలాసార్లు అదీ ఉండదు. హెచ్‌ఆర్‌ని అడిగి పాలసీ కాగితం చేతిలోకి తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. ఏదీ దాచొద్దు కూడా, దాచింది బయటపడితే క్లెయిమ్ మొత్తం పోతుంది.

పాలసీలో ఆసుపత్రి గది అద్దె పరిమితి చూసుకోండి. దాటితే డాక్టర్ ఫీజు లాంటివాటిలో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. రంధ్రం మూయడానికి లోపల పెట్టే, గొడుగులా విచ్చుకునే చిన్న డివైజ్ ధరకు మాత్రం ఆ కోత వర్తించకూడదు, 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్పష్టంగా చెప్పింది. డివైజ్ పెట్టె మీది స్టిక్కర్, దాని బిల్లు జాగ్రత్తగా తీసుకోండి, క్లెయిమ్‌కి అడుగుతారు. తెల్ల రేషన్ కార్డుంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వీలవుతుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

తక్కువపడే యాభై వేలకు నగలు కదిలించక్కర్లేదు. ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోండి, వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఆయన ప్రావిడెంట్ ఫండ్‌లో జబ్బు కింద అడ్వాన్స్ కూడా వస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. రంధ్రం మూయడం తొడ దగ్గర రక్తనాళంలోంచి చేస్తారు కాబట్టి మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు, కానీ తర్వాత మాత్రలు, ఎకో (గుండె స్కాన్) పరీక్షలు ఉంటాయి, కొందరికి మొదటి వారాల్లో గుండె లయ తప్పుతుంది, దానికీ చూపించుకోవాలి. నాలుగు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోండి.

ఆయన్ని ఉద్యోగం మాత్రం ఇప్పుడే మాననివ్వకండి. మానిన రోజే ఆ 3 లక్షల కవరూ పోతుంది, స్ట్రోక్ వచ్చాక బయట కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా ఈ జబ్బుకి 36 నెలల దాకా ఆగమనొచ్చు. తోట ఎక్కడికీ పోదు. అయినా తోతాపురి ధర 2025లో ఎలా పడిపోయిందో మీరు చూశారుగా, ఒక్క తోట ఆదాయం మీద ఇల్లు, మందులు నడపడం కష్టం. మూయించుకుని, కోలుకుని, అప్పటికీ మానాలనిపిస్తే, రాజీనామాకు ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ పాలసీ నుంచి సొంత పాలసీకి మారే వీలుందేమో రాతపూర్వకంగా అడగమనండి.