గ్లాస్గోలో మావాడి రెండు ఓట్లు

"దామాషా ఎన్నికల్లో, అంటే ఓట్ల నిష్పత్తిలో పార్టీలకి సీట్లిచ్చే చోట, బ్యాలెట్ పేపర్ తీరుని బట్టి జనం పార్టీ మార్చేస్తారా?" అని అడిగారు. మారుస్తారు. ఒక్కోసారి ఏ పార్టీకీ వెయ్యకుండానే బయటికొస్తారు కూడా.

2007 మే 3. గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నా. కామన్వెల్త్ దేశస్థులం కాబట్టి స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో మాకూ ఓటుంది. క్లాసయ్యాక నేనూ, మా రూమ్మేటూ వెళ్లాం. అంతకుముందు ప్రాంతీయ జాబితాకి (ఇక్కడ ఓటు పార్టీకి) ఒక కాగితం, నియోజకవర్గానికి (ఇక్కడ అభ్యర్థికి) ఒక కాగితం ఉండేవట. ఈసారి రెండూ కలిపి ఒకే పెద్ద కాగితం. ఎడమవైపు పార్టీల జాబితా, కుడివైపు అభ్యర్థులు. పైన "మీకు రెండు ఓట్లున్నాయి" అని. అంటే ఒక్కో వైపు ఒక్క ఇంటూ. గ్లాస్గోలో పార్టీలు ఎక్కువై, చోటు చాలక కింది సూచనలు కుదించేశారు. అది చాలదన్నట్టు అదే రోజు కౌన్సిల్ ఎన్నికలు. అక్కడ ఇంటూ కాదు, అభ్యర్థులకి మన ఇష్టక్రమంలో 1, 2, 3 అని అంకెలెయ్యాలి!

మావాడు ఎడమవైపే రెండు ఇంటూలు పెట్టాడు, ఎస్ఎన్‌పీకి (స్కాటిష్ నేషనల్ పార్టీ) ఒకటి, గ్రీన్స్‌కి (గ్రీన్ పార్టీ) ఒకటి. "రెండన్నారుగా, రెండూ వేశా" అన్నాడు దారిలో చిప్స్ తింటూ. మరి కుడివైపు? "అదింకేదో లిస్టనుకున్నా." అంటే ఎడమవైపుది చెల్లదు, కుడివైపు ఖాళీ. నెల రోజులు గ్రీన్స్ గురించి నా బుర్ర తిన్న మనిషి!

ఎస్ఎన్‌పీ తెలివి చూడండి. పేర్లు అక్షర క్రమంలో ఉంటాయని, ప్రాంతీయ జాబితాలో తమ నాయకుడి పేరుతో "అలెక్స్ సాల్మండ్ ఫర్ ఫస్ట్ మినిస్టర్" అని రాయించుకుంది (ఫస్ట్ మినిస్టరంటే అక్కడి ముఖ్యమంత్రి లాంటివాడు). 'ఎస్' దగ్గర ఉండాల్సిన పార్టీ 'ఏ'లోకి ఎక్కి కూర్చుంది. ఎల్లో పేజీల్లో ముందుండాలని షాపుకి ఏ-వన్ అని పేరు పెట్టుకున్నట్టు. ఆ మాటకొస్తే, రోడ్డు రోలర్ గుర్తు తమ కారులా కనిపిస్తోందని టీఆర్ఎస్ ఫిర్యాదు చేసినప్పుడు మా ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

చివరికి ఎస్ఎన్‌పీకి 47 సీట్లు, లేబర్‌కి 46. గ్రీన్స్ 7 నుంచి 2కి పడిపోయారు. చెల్లని ఓట్లు రెండు రకాలూ కలిపి చివరికి దాదాపు 1,46,000 తేలాయి. గ్రీన్స్ సీట్లలో ఒకటో రెండో ఆ కాగితమే మింగిందని నా గట్టి నమ్మకం, లెక్కలు మాత్రం అడక్కండి. 2011లో మళ్లీ విడివిడి కాగితాలే ఇచ్చారు, కౌన్సిల్ ఎన్నికల్ని 2012కి జరిపారు.

మర్నాడు టీవీలో లక్ష దాకా ఓట్లు చెల్లలేదని చెబుతుంటే, మావాడు టీ తాగుతూ, "ఇంత చదువుకున్న దేశంలో ఓటెయ్యడం కూడా రాదేంట్రా వీళ్లకి?" అన్నాడు. నేను బిస్కెట్ల డబ్బా వాడి వైపు జరిపాను.