సంపూర్ణతా, పరిపూర్ణతా?

సందేహం: మా కాలనీలో ఒక సేవా కార్యక్రమానికి కరపత్రం రాస్తూ 'ఇతరులను ప్రేమించడం ద్వారా ఆధ్యాత్మిక సంపూర్ణతను పొందగలం' అని రాశాను. 'పరిపూర్ణత్వం' అనాలని ఒకరు, 'త్వం' తప్పు, 'పరిపూర్ణత' చాలని ఇంకొకరు అన్నారు. ఏది సరి? దీనికి మంచి తెలుగు మాట లేదా?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం: 'త', 'త్వం' రెండూ సరైనవే. ఈ రెండు ప్రత్యయాలనూ సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఒకే సూత్రంలో చెప్పాడు. రెండూ కలిపేసి 'పరిపూర్ణత్వత' అంటేనే తప్పు. ఆ టెన్షన్ వదిలేయండి.

'సంపూర్ణ సూర్యగ్రహణం' అన్నప్పుడు ఏమీ మిగలకుండా అంతా అని అర్థం. పారాయణ ముగిశాక 'సుందరకాండ సంపూర్ణం' అంటాం, అంటే అయిపోయిందని. 'పరి' అంటే చుట్టూ, అన్ని వైపులా. కాబట్టి మీ సందర్భానికి 'పరిపూర్ణత' మేలు. ప్రేమకు 'సంపూర్ణం' అని ముగింపు పలకడానికి నాకు మనసొప్పదు.

ఇక తెలుగు మాట. 'నిండు' ఉంది కదమ్మా! నిండు మనసు, నిండు కుండ, నిండు నూరేళ్లు. ఈ మాటను మనవాళ్లు వాడే తీరు చూడండి. బిడ్డ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్న తల్లి 'నువ్వు తింటే నా కడుపు నిండినట్టే నాయనా' అంటుంది. తినేది ఒకరు, నిండేది ఇంకొకరికి.

మా అనంతపురం వైపు ఉగాదికి ఓళిగలు చేస్తారు (కర్నూలులో బక్ష్యాలంటారు). లోపల పెట్టే బెల్లం, బేడల ముద్ద పేరు కూడా 'పూర్ణమే'. మా అవ్వ పెనం మీది తొలి వాయి పక్కింటి సాయిబుల ఇంటికి పంపేది. ఒక ఏడు వచ్చినవాళ్లందరికీ పెట్టేసరికి పూర్ణం అయిపోయింది. మిగిలిన ఉత్త పిండినే రొట్టెలా కాల్చి, నెయ్యి రాసుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ 'కడుపు నిండిందిలే పో' అంది. 'నిండు' అన్న మాట రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఇంకో మాట చూడండి. కళ్లారా, నోరారా, చేతులారా, మనసారా. ఇక్కడి 'ఆర' కూడా నిండుగా అని చెప్పేదే. కళ్లారా చూసేది ఎదుటివాళ్లను, నోరారా పిలిచేదీ వాళ్లనే. 'చేతులారంగ శివుని పూజింపడేని' అని మొదలుపెట్టిన పోతన అదే పద్యంలో 'దయయు సత్యంబు లోనుగా దలపడేని' అని కూడా అన్నాడు. చేతుల నిండా పూజ చేసినా దయ లేకపోతే ఆయనకు చాలలేదు.

మీరు అడగలేదు గానీ, మీ వాక్యంలో నాకు గుచ్చుకున్న మాట 'ఇతరులు'. ఆ మాటతోనే మనకూ వాళ్లకూ మధ్య గీత పడిపోతుంది. 'సాటివారు' అనండి. సాటి అంటే సమానం. 'తోటివారు' అన్నా బాగుంటుంది, కూడా ఉన్నవారని. ఉగాదినాడు మీ ఊళ్లోని 'దేవుని కడప' వెంకటేశ్వరుడి గుడికి వెళ్లి ఉంటారు. బీబీ నాంచారిని తమ ఇంటి ఆడబిడ్డగా, వెంకటేశ్వరుణ్ణి అల్లుడిగా భావించి ముస్లింలు గుడికి వస్తారు, కొబ్బరికాయలు కొడతారు. 'అల్లుడు' అని పిలిచాక 'ఇతరులు' అన్న మాటకు చోటెక్కడిది?

నేనైతే 'సాటి మనిషిని మనసారా ప్రేమిస్తే ఆత్మ నిండుతుంది' అని రాస్తాను. కరపత్రానికి కాస్త గంభీరంగా ఉండాలనుకుంటే 'ఆత్మకు పరిపూర్ణత కలుగుతుంది' అనండి, తప్పులేదు. 'ద్వారా' మాత్రం కొట్టేయండి. మనం ఎక్కడికో చేరడానికి సాటి మనిషిని గుమ్మంలా దాటిపోతున్నట్టుంది. 'ప్రేమిస్తే' చాలు.