బాకీ ఇవ్వలేదని యాప్ ఆపేయొచ్చా?

ప్రశ్న: అనంతపురంలో ఇంటి నుంచే యాప్‌లు చేస్తుంటాను. ఒక చీనీ (బత్తాయి) మండీ యజమానికి రోజువారీ ధరలు, రైతుల అమ్మకం చీటీలు కనిపించే ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. నోటిమాట మీద రూ.1,20,000 అనుకున్నాం. ఇప్పటికి రూ.50,000 ఇచ్చారు. తొందరలో నా సొంత ప్లే స్టోర్ అకౌంట్లోనే పెట్టేశాను. బాకీ అడిగితే ‘డబ్బు పెట్టింది నేను, యాప్ నాది, నా పేరు మీదికి మార్చు, లేకుంటే స్టేషన్‌కు పోతా’ అంటున్నారు. యాప్ ఆపేద్దామనుకుంటున్నా. తప్పవుతుందా?

జవాబు: ఆపకండి. కోపం మీద చేసే ఆ ఒక్క పనే మీ కేసును తలకిందులు చేస్తుంది. యాప్ సమాచారం ఉండే కంప్యూటర్, అంటే సర్వర్, మండీ పేరు మీద ఉండి, మీ దగ్గరున్న పాస్‌వర్డ్‌తో దాన్ని మీరు ఆపితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద ఫిర్యాదుకు దారి ఇచ్చినట్టే. 66 కింద మూడేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పోనీ ప్లే స్టోర్లో అన్‌పబ్లిష్ చేస్తే? కొత్తవాళ్లకు దొరకదు, అంతే. ఇప్పటికే వేసుకున్న రైతుల ఫోన్లలో అది అలాగే ఉంటుంది. ఫలితం లేదు, చెడ్డపేరు మాత్రం మిగులుతుంది.

ఇక ‘డబ్బు పెట్టాను కాబట్టి నాది’ అనే వాదన. చాలామంది షావుకార్లు నిజంగానే అలా నమ్ముతారు. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకో, వేయించుకున్న పెయింటింగ్‌కో మినహాయింపు ఉంది గానీ, ప్రోగ్రామ్‌కు లేదు. మీరు ఆయన దగ్గర జీతానికి ఉంటే లెక్క వేరు. మీరు బయటివారు. హక్కు ఆయనకు పోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో రాతకోతలు ఉండాలి, మీ మధ్య అవి లేవు.

అలాగని అంతా మీదే అనుకోకండి. మండీ పేరు, బోర్డు మీది గుర్తు, రైతుల వివరాలు మీవి కావు. యాప్ వాడుకోవడానికే రూ.50,000 ఇచ్చారు కాబట్టి, వాడుకునే అనుమతి ఉన్నట్టే కోర్టు చూసే అవకాశం ఎక్కువ.

మీరు అడగని ప్రమాదం ఇంకొకటి ఉంది. ఆ యాప్ మీ అకౌంట్లో ఉన్నంతకాలం గూగుల్‌కు జవాబుదారీ మీరే. మండీ గుమాస్తా ఎవరో పాలసీకి సరిపడనిది అందులో పెడితే మీ అకౌంటే మూతపడొచ్చు, మీ మిగతా యాప్‌లతో సహా. అప్పుడు గొడవ పడాలంటే గూగుల్ డెవలపర్ ఒప్పందంలో రాసుకున్న కోర్టు కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఉంది. మనకు గుత్తి కోర్టుకు పోవడానికే ఒక పూట పోతుంది!

కాబట్టి ట్రాన్స్‌ఫర్ మీకూ అవసరమే. కానీ ఊరికే కాదు. ఆయన 25 డాలర్లు కట్టి సొంత డెవలపర్ అకౌంట్ తెరవాలి. సంస్థ పేరు మీదైతే డన్స్ (D-U-N-S) నంబరు, అంటే సంస్థలను గుర్తించే నంబరు కావాలి, దానికి కొంత సమయం పడుతుంది. ట్రాన్స్‌ఫర్ చేస్తే డౌన్‌లోడ్లు, రేటింగులు, రివ్యూలు యాప్‌తోపాటే పోతాయి. ఇంకొకరితో కొత్తగా చేయించుకుంటే అన్నీ సున్నా నుంచి మొదలు. బేరంలో మీ బలం అదే. బాకీ రూ.70,000 అందిన రోజే ట్రాన్స్‌ఫర్, అదే రోజు కాపీరైట్ బదిలీ కాగితం అని లాయర్ నోటీసులో రాయించండి. ఆ కాగితంలో కాలం, ప్రాంతం తప్పకుండా రాయాలి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకు, ఇండియాకు మాత్రమే అనుకుంటుంది. తర్వాత అదొక కొత్త తగాదా.

నోటిమాట అయినా ఒప్పందమే. ‘మిగతాది పండక్కి సర్దుతాలే’ లాంటి వాట్సాప్ మెసేజ్ ఒక్కటున్నా బంగారం. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. బ్యాంకులో పడిన రూ.50,000 ఎంట్రీ కూడా తీసిపెట్టుకోండి.

నోటీసుకు కదలకపోతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో సమానం. అక్కడా తెగకపోతే బాకీ కోసం సివిల్ దావా వేయండి. మూడేళ్ల గడువు దాటనివ్వకండి. స్టేషన్ బెదిరింపు గురించి టెన్షన్ వద్దు. మీరు సర్వర్ ముట్టుకోనంతవరకు ఇది డబ్బు తగాదానే, పోలీసులు తేల్చేది కాదు.