కారు తిరగకపోయినా పన్ను తిరిగి రాదా?

ప్రశ్న: మూడేళ్ల కిందట ఎనిమిది లక్షలు పెట్టి కారు కొని, జీవితకాలపు పన్నుగా 1,12,000 రూపాయలు కట్టాను. భద్రకాళి గుడి, కూరగాయల మార్కెట్టు, ఏడాదికి రెండుసార్లు రామప్ప. ఇంతకు మించి అది కదలదు. ఇప్పటికి 6,000 కిలోమీటర్లు తిరిగింది. పక్కింటాయన అప్పుడే అదే కారు కొని, అంతే పన్ను కట్టి, వారానికి రెండుసార్లు హైదరాబాదు వెళ్లి వస్తూ 90,000 తిప్పారు. ఇదేం న్యాయం?
– విశ్రాంత ఉపాధ్యాయిని, నయీంనగర్, హనుమకొండ

జవాబు: టీచరు గారూ, ఆ పన్ను మీకు కిలోమీటరుకు 18 రూపాయల పైచిలుకు పడింది, ఆయనకు రూపాయింబావు. న్యాయం కాదు. ముప్పయ్యేళ్లు పన్నుల పద్దులు రాసిన చేత్తోనే ఈ మాట రాస్తున్నాను. మన రాష్ట్రంలో ఈ పన్నుకు బండి ధరతోనే పని. ఐదు నుంచి పది లక్షల కారుకు 14 శాతం. బండి రోడ్డెక్కిందా, షెడ్డులో దుమ్ము పట్టిందా అన్నది దానికి అనవసరం. ఒకసారి కట్టేస్తే ఏటేటా వరుసలో నిలబడక్కర్లేదు, ఆ సుఖం ఒక్కటే.

ఇక బంకులో జరిగేది చూడండి. పెట్రోలుకు, కేంద్రం ఎక్సైజు సుంకం కలిపిన ధర మీద రాష్ట్రం 35.2 శాతం వ్యాట్, అంటే అమ్మకపు పన్ను, వేస్తుంది. పన్ను మీద పన్నే! అది లీటరుకు సుమారు 28 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున, మూడేళ్లలో మీ వ్యాట్ 11,200 అయితే ఆయనది 1,68,000. తిరిగినవారికే భారం. దరఖాస్తు లేదు, రసీదు కోసం తిరగడం లేదు.

అయితే అన్నీ బంకులోనే వసూలు చేస్తే పోదా? నేనూ చాలాకాలం అలాగే వాదించాను. నర్సంపేట దగ్గర మా బావమరిది నా నోరు మూయించాడు. అతని ట్రాక్టరు పొలం దున్నే డీజిలు మీదా 27 శాతం వ్యాట్ పడుతుంది. దుక్కిలో కాలిన డీజిలుకు, తారు రోడ్డుకు ఏం సంబంధం? పోనీ, రైతు డీజిలును విడదీద్దామంటే పాసుపుస్తకం నకలు, ఆధారు, అధికారి సంతకం మొదలవుతాయి. మా మనవరాలి ఎలక్ట్రిక్ స్కూటరు సంగతి మరోటి. దానికి పెట్రోలు అక్కర్లేదు, 2026 డిసెంబరు 31 లోపు రిజిస్ట్రేషనయ్యే అలాంటి బండ్లకు రోడ్డు పన్నూ లేదు. అయినా నా చేతిలో ఉంటే జీవితకాలపు పన్నును సగానికి దించి, మిగతాది బంకుకే వదిలేస్తాను. రైతు డీజిలు కోసం ఆ కాగితాల తంటా పడక తప్పదు.

టోలుకు సుమారు మూడు వేల వార్షిక పాసు మాత్రం తీసుకోకండి. 200 సార్లు దాటడానికి అది. కొమళ్ల, గూడూరు టోలుగేట్ల మీదుగా హైదరాబాదు పోయి వస్తే నాలుగు లెక్క. పక్కింటాయనకు లాభం, మీకు దండగ.

కట్టిన పన్ను, తిరగలేదని వెనక్కి రాదు. కారును శాశ్వతంగా వేరే రాష్ట్రానికి పంపి, అక్కడ పన్ను కట్టి కొత్త నంబరు తీసుకుంటే, బండి వయసును బట్టి ఇక్కడ కొంత వాపసు అడగవచ్చు. బయట ఉద్యోగం చేసే పిల్లలెవరికైనా ఇవ్వాలనుకుంటే తొందరపడండి. ఏడాది గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతూ పోతుంది.